నాణెం చెప్పిన పేర్లు... పటం చెప్పిన కథలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... పేర్లు వినగానే వరి పొలాలు, బీడీ చేటలు, మరమగ్గాల చప్పుడు గుర్తొస్తాయి. ఈ నేలకు రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉందన్నది మాత్రం చటుక్కున గుర్తురాదు. ఉంది సరే... దాన్ని మనకు చెప్పిందెవరు? రాజులా, కవులా, గెలిచినవాళ్లా, మగ్గం నేసినవాళ్లా? ఒక్కొక్కరినీ పలకరించి వద్దాం రండి.

తొలకరి వాన పడి వెలిశాక కోటిలింగాల చేలగట్ల మీద నడిచేవాళ్ల చూపు నేల మీదే ఉంటుంది. వాన మట్టిని కడిగేస్తే కుండపెంకులు, రంగుపూసలు, అప్పుడప్పుడు పచ్చగా చిలుము పట్టిన చిన్నచిన్న లోహపు బిళ్లలు బయటపడతాయి. జగిత్యాల జిల్లా వెల్గటూరు దగ్గర, పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోట ఉన్న పల్లె ఇది. ఊళ్లో శివాలయం, ఊరి పక్కన ఎత్తైన మట్టిదిబ్బ, దిబ్బ మీద పంటలు. కొన్ని దశాబ్దాల కిందటి దాకా అది ‘పాత ఊరి దిబ్బ’ మాత్రమే.

ఆ బిళ్లల్ని బిళ్లలుగా వదిలేయని మనిషి ఒకాయన ఉన్నారు. ధర్మపురి ప్రాంతానికి చెందిన పోస్ట్‌మాస్టర్ సంగనభట్ల నరహరిశర్మ. దొరికిన నాణేల్ని పోగుచేసి, వాటి మీద ఏవో అక్షరాలున్నాయని గుర్తించి, హైదరాబాద్‌లోని పురావస్తుశాఖ శాసన పరిశోధకుడు డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తీసుకెళ్లారు. అక్షరాలు బ్రాహ్మీ లిపివి. భాష ప్రాకృతం. చదివితే పేర్లు వచ్చాయి... గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప. చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా లేని రాజులు! వాళ్లతోపాటు ఛిముక అనే మరో పేరు. పురాణాలు శాతవాహన వంశానికి మూలపురుషుడని చెప్పే సిముకుడు ఇతనే అన్నారు శాస్త్రి. పోస్టాఫీసు పని చూసుకుంటూనే ఒక పల్లెటూరి దిబ్బను దేశ చరిత్రలోకి ఎక్కించారు నరహరిశర్మ.

ఆ తర్వాత, 1970ల చివర, 80ల తొలినాళ్లలో డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. మట్టికోట గోడ, ఇటుకల కట్టడాలు, బావులు బయటపడ్డాయి. తవ్వింది దిబ్బలో కొంత భాగమే.

ఫలానావాడిది... అంతే!

ఆ నాణేల మీద ఉన్నది ఎంత? ‘రాజు గోబదునిది’, ‘రాజు నారనునిది’. అంతే. ‘...ది’ అనే షష్ఠీ విభక్తి. నాణెం ఎవరిదో చెప్పడం వరకే దాని పని. గోబదుడు మంచివాడా, చెడ్డవాడా, ఎవరితో పోట్లాడాడు, ఏం తిన్నాడు... ఊహూ, ఏమీ తెలియదు. ఏనుగు బొమ్మ, విల్లంబులు, ఒక పేరు. మనిషి మొత్తం అంతలో ఇమిడిపోయాడు.

ప్రపంచానికి అటు చివర ఐర్లండ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడివాళ్లు తమ భాషలో మొట్టమొదట రాసుకున్నదీ ఇలాగే ఉంటుంది. నిలువురాయి అంచు మీద గీతలు గీతలుగా చెక్కిన ‘ఓగమ్’ అనే లిపి. చాలావరకు క్రీస్తుశకం నాలుగు నుంచి ఏడో శతాబ్దం మధ్యవి. చదివితే ‘ఫలానావాడి కొడుకు ఫలానావాడిది’ అని వస్తుంది. అక్కడా షష్ఠీ విభక్తే! రాయి ఎవరిదో చెప్పి ఊరుకుంటుంది. ఏ జాతి అయినా రాత నేర్చుకున్న కొత్తలో ముందు రాసుకునేది సొంతదారు పేరే కాబోలు. బడికెళ్లే పిల్లవాడు కొత్త పలక మీద పేరు రాసుకున్నట్టు.

కోటిలింగాల నాణేలు పెద్ద గొడవనే లేపాయి. శాతవాహనుల పుట్టిల్లు ఏది? మహారాష్ట్ర వాళ్లకు పైఠాన్ ఉంది. జున్నరు దగ్గరి నానేఘాట్ కనుమలో సిముకుడి పేరు చెక్కిన శాసనం ఉంది. మనకు కోటిలింగాల నాణేలున్నాయి. సిముకుడికి ముందు ఏలిన స్థానిక రాజుల నాణేలు, సిముకుడి నాణేలు, ఆ తర్వాతి శాతవాహనులవి... మూడూ ఒకేచోట దొరకడం మన వాదానికి బలం. ఈ తగవు ఇంకా తెగలేదు. నన్నడిగితే, పుట్టిల్లు ఎవరిదన్న పంతంలో పడి అసలు విశేషాన్ని పక్కన పెట్టేస్తున్నాం అంటాను. అంతటి సామ్రాజ్యం పుట్టకముందే గోదావరి గట్టున నాణేలు ముద్రించుకునేంత వ్యాపారం, దాన్ని అదుపులో పెట్టే రాజరికం ఉన్నాయి కదా! సిముకుడి గురించి వంద వ్యాసాలు వచ్చాయి. పాపం గోబదుడి గురించి ఎంతమంది రాశారు?

ఒక్క కోటిలింగాలే కాదు. ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోని పెద్దబంకూరులో ఇరవై వేలకు పైగా నాణేలు దొరికాయి. ధూళికట్టలో మట్టికోట, బౌద్ధ స్తూపం వెలుగు చూశాయి. మెగస్తనీసు రాసినదాన్ని ఆధారం చేసుకుని రోమన్ రచయిత ప్లీనీ ఆంధ్రులకు ప్రాకారాలున్న నగరాలు 30 ఉన్నాయని, లక్ష కాల్బలం, రెండు వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని చెప్పాడు. ఆ ముప్ఫైలో ఈ ఊళ్లూ ఉన్నాయన్నది మన చరిత్రకారుల మాట. బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలో అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉండే బావరి అనే ముసలి బ్రాహ్మణుడు తన పదహారుమంది శిష్యుల్ని బుద్ధుడి దగ్గరికి పంపిన కథ ఉంది. ఆ బావరి ఆశ్రమం ఖానాపూర్ దగ్గర గోదావరి మధ్యనున్న బాదన్‌కుర్తి దీవే అని ఇక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. కావచ్చు. అయితే శిష్యులు పైఠాన్ మీదుగా ఉత్తరానికి వెళ్లారని అదే గ్రంథం చెబుతోంది. బాదన్‌కుర్తి నుంచి అది కాస్త చుట్టుదారి. మధ్యాహ్నం ఎండలో నడిచే బ్రహ్మచారులు అంత చుట్టు తిరిగారా అన్నదే నా సందేహం.

శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం కట్టాక కోటిలింగాల తీరుతెన్నూ మారింది. వెనక్కి నిలిచిన నీళ్లు ఊరి గట్టుదాకా వచ్చాయి. ఇప్పుడు అక్కడికి వెళ్లేవాళ్లు గుడి చూసి, నీళ్లు చూసి వస్తున్నారు. దిబ్బ సంగతి అడిగేవాళ్లు తక్కువ. తవ్వని భాగంలో గోబదుడి ఊరు అలాగే పడుకుని ఉంది.

గుట్ట మీద మూడు భాషలు

నాణెం పేరు చెప్పి ఊరుకుంటే, కురిక్యాల గుట్ట మాత్రం ఒక కుటుంబం కథంతా పూసగుచ్చినట్టు చెబుతుంది. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలో గంగాధర మండలం. రోడ్డు మీంచి చూస్తే మామూలు రాతిగుట్ట. పేరు బొమ్మలమ్మ గుట్ట. ఎక్కితే పరుపుబండ మీద చక్రేశ్వరీ దేవి, జైన తీర్థంకరుల శిల్పాలు. కింద సంస్కృతం, కన్నడం, తెలుగు... మూడు భాషల్లో శాసనం. క్రీస్తుశకం 945 ప్రాంతానిది. వేయించినవాడు జినవల్లభుడు.

ఎవరీ జినవల్లభుడు? కన్నడిగులు ఆదికవిగా కొలుచుకునే పంపడి తమ్ముడు. వీళ్ల పూర్వీకులు వేంగినాడులోని వంగిపర్రు బ్రాహ్మణులు. తండ్రి భీమపయ్య జైనం పుచ్చుకున్నాడు. తల్లి అబ్బణబ్బె. అప్పట్లో ఈ సీమ పేరు సబ్బినాడు, ఏలేది వేములవాడ చాళుక్యులు. రెండో అరికేసరి కొలువులో పంపడు కవి. 941లో ఆదిపురాణం రాశాడు. భారతకథ చెబుతూ తన రాజునే అర్జునుడిగా చేసి విక్రమార్జున విజయం రాశాడు. రాజు మురిసిపోయి ధర్మపుర అగ్రహారం ఇచ్చాడు. అది మన ధర్మపురే అంటారు కొందరు.

అన్న కన్నడంలో కావ్యాలు రాస్తుంటే, తమ్ముడు గుట్ట మీద తెలుగు పద్యాలు చెక్కించాడు. అవి కందాలు! ఇప్పటివరకు దొరికిన తెలుగు కంద పద్యాల్లో ఇవే పాతవని పండితుల లెక్క. నన్నయ భారతానికి దాదాపు నూరేళ్ల ముందివి. అంతకుముందు తెలుగులో పద్యం లేదని కాదు. అద్దంకిలో 848 నాటి తరువోజ శాసనం ఉంది, బెజవాడలో యుద్ధమల్లుడి పద్యాలున్నాయి. కానీ మనం బడిలో నేర్చుకునే కందం తొలిసారి కనిపించేది ఈ గుట్ట మీదే. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. దానికోసం మన భాష వయసును లెక్కగట్టిన రోజుల్లో పండితుల నోట కురిక్యాల పేరు మళ్లీ మళ్లీ వినిపించింది.

ఆ పద్యాల్లో, చుట్టూ ఉన్న రాతల్లో ఏముంది? అన్న గొప్పతనం ఉంది. ఆ కుటుంబం పుట్టుపూర్వోత్తరాలున్నాయి. తాను కట్టించిన త్రిభువనతిలక బసది, తవ్వించిన కవితాగుణార్ణవ తటాకం, వేయించిన మదనవిలాస వనం ఉన్నాయి. చెరువుకు పెట్టిన పేరు చూశారా? కవితాగుణార్ణవుడన్నది అన్నగారి బిరుదు. అన్న బిరుదుతో చెరువు తవ్వించిన తమ్ముళ్లు ఈ రోజుల్లో ఎంతమంది!

ఇంకో విశేషం. సోమదేవసూరి అనే జైన పండితుడు తన యశస్తిలక చంపువును 959లో గంగధారలో పూర్తిచేశానని చెప్పుకున్నాడు. అది ఈ గంగాధరే అని చాలామంది చరిత్రకారులు ఒప్పుకున్నారు. ఆయన కోసం లేంబులపాటకలో, అంటే వేములవాడలో, శుభధామ జినాలయం ఉండేది. దానికి 966లో రాజు ఊరు దానమిచ్చిన తామ్రశాసనం మహారాష్ట్రలోని పర్భణిలో దొరికింది. ఇవాళ వేములవాడ అంటే రాజన్న, కోడె మొక్కు. వెయ్యేళ్ల కిందట అదే ఊళ్లో సంస్కృత పండితుడు, కన్నడ మహాకవి, తెలుగు పద్యం చెక్కించిన అతని తమ్ముడు ఒకే నీళ్లు తాగారు. ఎవరి భాష గొప్పదో అని కొట్టుకున్న దాఖలా ఏదీ శాసనాల్లో లేదు.

కరీంనగర్ గ్రానైట్‌కు గిరాకీ పెరిగి చుట్టుపక్కల గుట్టలు దిమ్మెలు దిమ్మెలుగా లారీలెక్కిన రోజుల్లో బొమ్మలమ్మ గుట్టకూ ముప్పు ముంచుకొచ్చింది. సాహిత్యాభిమానులు, చరిత్ర మీద ప్రేమున్నవాళ్లు గొంతెత్తబట్టి పద్యాలు గుట్ట మీదే ఉన్నాయి. లేకపోతే తెలుగు తొలి కందం ఏ దేశంలోనో వంటింటి గట్టు అయిపోయేది.

ఓడినవాళ్ల ఊరు

జగిత్యాలకు కూతవేటు దూరంలో పొలాస ఉంది. ఇప్పుడు రైతులందరికీ తెలిసింది వ్యవసాయ పరిశోధనా కేంద్రం వల్ల. పౌలస్త్యేశ్వరస్వామి గుడి ఉంది. పన్నెండో శతాబ్దంలో ఇది రాజధాని. పేరు పొలవాస. మేడరాజు, జగ్గదేవుడు ఇక్కడి పాలకులు. జగ్గదేవుడి పేరు మీదే జగిత్యాల వచ్చిందని చెబుతారు.

వీళ్ల గురించి మనకు తెలిసిందంతా దాదాపు వీళ్ల శత్రువులు చెప్పిందే! హనుమకొండ వేయిస్తంభాల గుళ్లో 1163 నాటి శాసనం కాకతి రుద్రదేవుడి విజయాల జాబితా. అందులో జగ్గదేవుడు అనుమకొండను ముట్టడించి, రుద్రుడి తండ్రి ప్రోలరాజు ముందు నిలవలేక తోకముడిచాడని ఉంది. మేడరాజును ఓడించి రుద్రదేవుడు పొలవాస దేశాన్ని పట్టుకున్నాడనీ ఉంది. ఈ యుద్ధం పొలాస వాళ్ల నోటి నుంచి వింటే ఎలా ఉండేదో! కాకతీయుల మీదికి దండెత్తి వెళ్లగలిగాడంటే జగ్గదేవుడు మరీ తీసిపారేయాల్సిన వాడైతే కాదు.

అదృష్టవశాత్తూ మేడరాజు గొంతు ఒక్కచోట వినిపిస్తుంది. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీది 1117 నాటి శాసనంలో. అక్కడి జైన బసదికి కాకతీయుల మంత్రి భార్య మైలమ భూమి ఇస్తే, ఈ మేడరాజు కూడా కొంత ఇచ్చాడు. ఇస్తూ తన వంశం గురించి రెండు ముక్కలు చెక్కించుకున్నాడు. తాను మాధవవర్మ వంశం వాడినని, ఆ మాధవవర్మకు ఎనిమిది వేల ఏనుగులు, పది కోట్ల గుర్రాలు ఉండేవని! పది కోట్ల గుర్రాలకు గడ్డి ఎక్కణ్నుంచి తెచ్చారని అడక్కండి. అది లెక్క కాదు, గొప్ప. పక్కనే ఎదుగుతున్న కాకతీయుల రాజధానిలో నిలబడి ‘మేమూ తక్కువవాళ్లం కాదు’ అని చెప్పుకోవడం. నలభై ఏళ్లు గడిచాయో లేదో ఆ రాజ్యం పోయింది. గుర్రాలన్నీ రాతి మీద మిగిలాయి.

దారి పక్క చిట్టెపు కుప్పలు

కోరుట్ల దాటి మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు దారి పట్టుకుంటే కమ్మర్‌పల్లి వస్తుంది. అక్కడికి దగ్గర్లో కోనసముద్రం. మన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది ఇక్కణ్నుంచే. డమాస్కస్ కత్తులని ప్రపంచం చెప్పుకునే కత్తులకు ఈ ఉక్కే ముడిసరుకు. ఇంగ్లిషువాళ్లు ‘ఊట్జ్’ అని పిలిచింది మన ఉక్కునే అంటారు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ కోనసముద్రంలో ఉక్కు తయారీని కళ్లారా చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయాక, 1832లో ఆ వివరాలు అచ్చయ్యాయి. రెండు రకాల ఇనుమును కలిపి మట్టి మూసల్లో పెట్టి, మూతి మూసేసి, కొలిమిలో రాత్రింబవళ్లు కాల్చేవారు. సరుకు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఊళ్లోనే మకాం వేసి దగ్గరుండి చేయించుకునేవాడట.

ఇనుము కరిగించడం ఈ ప్రాంతంలో పందొమ్మిదో శతాబ్దం నాటి ముచ్చట కాదు. రాకాసిగూళ్లని మనవాళ్లు పిలిచే పాతరాతి సమాధుల్లోనే ఇనుప పనిముట్లు ఉన్నాయి. 2010లో బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నియాస్ సంస్థ కలిసి ఈ జిల్లాల్లో ఊరూరా తిరిగాయి. వందకు పైగా చోట్ల పాత ఇనుప పని ఆనవాళ్లు నమోదు చేశాయి. ఎక్కడ చూసినా నల్లటి చిట్టెం. చెరువు కట్టల్లో, చేల గట్లలో, గుడి వెనక.

కత్తి పట్టిన సుల్తాను పేరు చరిత్రలో ఉంది. సరుకు కొన్న వర్తకుడి ఊరు పేరూ ఉంది. కరిగించిన కమ్మరి పేరు ఎక్కడా లేదు. నాణెం మీద రాజుకు, రాతి మీద కవికి చోటు దొరికింది. చేతిపని చేసినవాడికి దొరకలేదు.

మరి వాళ్లు చరిత్ర లేకుండానే బతికేశారా? లేదండీ. వాళ్ల చరిత్ర వాళ్లు పాడించుకున్నారు.

కూనపులివారు వచ్చారు!

సిరిసిల్ల పద్మశాలీల ఊరు. మగ్గం గుంట నుంచి మరమగ్గం దాకా నడిచి వచ్చిన ఊరు. శాలివాడల్లో పటం కథ ఉందంటే ఒకప్పుడు అదే పండుగ. పద్మశాలీలకు కథ చెప్పే హక్కు కూనపులివారిది. ఇంకొకరు చెప్పకూడదు. కూనపులివారు ఇంకో కులానికి చెప్పరు. ఏ కుటుంబం ఏయే ఊళ్లలో చెప్పుకోవాలో అన్నదమ్ముల పంపకాల్లోనే తేలిపోతుంది. పొలం పంచుకున్నట్టు ఊళ్లు పంచుకుంటారు. దీన్ని మిరాశి అంటారు. శాలోళ్లు ఇచ్చే కట్నమే వాళ్ల పంట.

రాత్రి దీపాలు పెట్టాక గుంజలు పాతి పటం కడతారు. గజాల కొద్దీ పొడవుండే గుడ్డ. మీది నుంచి కిందికి వరసలు వరసలుగా బొమ్మలు, నేపథ్యమంతా ఎరుపు. ఒక్కో వరస చుట్ట విప్పుతూ, కర్రతో బొమ్మ చూపిస్తూ, పాట, మాట, మళ్లీ పాట. పక్కన తాళాలు, మద్దెల, హార్మోనియం. రాత్రుళ్లకు రాత్రుళ్లు సాగుతుంది. కథ పేరు మార్కండేయ పురాణం. భావనారుషి పురాణం అని కూడా అంటారు.

మార్కండేయుడు యజ్ఞం చేస్తే పుట్టినవాడు భావనారుషి. దేవతలకు, మనుషులకు ఒంటి మీద బట్ట లేని కాలం. విష్ణువు నాభి కమలం నుంచి తూడుదారం తీసి తొలిసారి బట్ట నేశాడు. పద్మం నుంచి నేశాడు కనుక పద్మశాలి. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు. పులినెక్కి కాలవాసురుడనే రాక్షసుడితో పోరాడాడు. ఇది చరిత్రా? తేదీలు అడిగితే కాదు. కానీ మనిషి సిగ్గు కప్పినవాడు తమ కులంవాడని, ఆ పని లేకపోతే దేవుడు కూడా దిగంబరుడేనని ఒక నేతగాడు తన వాడకట్టులో కూర్చుని వింటున్నాడంటే... మేడరాజు పది కోట్ల గుర్రాలకంటే ఇది ఏ రకంగా తక్కువ? అక్కడ రాజు తన కొలువువాళ్లతో చెక్కించాడు. ఇక్కడ నేతగాడు తన గాయకులతో పాడించాడు. రెండూ ‘మేమెవరం’ అన్న ప్రశ్నకు జవాబులే. కులపురాణాలను కట్టుకథలని కొట్టిపారేసే పండితులు శాసనాల్లోని వంశావళుల్ని మాత్రం నమ్మేస్తారేమిటో!

పద్మశాలీలకు ఒక్కరికే కాదు ఈ భాగ్యం. యాదవులకు మందహెచ్చులు, తెరచీరలవారు ఉన్నారు. రజకులకు పటంవారు మడేలు పురాణం చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం వినిపిస్తారు. ముదిరాజులకు కాకిపడగలవారు ఉన్నారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి తిరిగి ఈ పటాలు, కథలు, వాద్యాలు సేకరించారు. ఈ కథల్లో వలసలున్నాయి, పనిముట్ల పుట్టుక ఉంది, ఎవరికి ఎవరు ఏం ఇచ్చుకోవాలన్న ఊరి లెక్క ఉంది. ఏ శాసనమూ రాయని సంగతులవి.

ఐర్లండ్‌లోనూ ఇలాంటి వంశపారంపర్య కథకులు ఉండేవారు. ఫిలి అనేవారు. పెద్ద పట్టా రావాలంటే పన్నెండేళ్లు చదువు. వందలాది కథలు, రాజుల వంశావళులు కంఠతా రావాలి. పదకొండో శతాబ్దంలో అక్కడి పండితులు తమ జాతి కథను పుస్తకంగా కూర్చి, బైబిల్లోని నోవహు దాకా తీసుకెళ్లి ముడిపెట్టారు. మన కమలం లాగే! పదిహేడో శతాబ్దంలో ఇంగ్లిషువాళ్లు అక్కడి దొరల్ని కూలగొట్టేసరికి వాళ్లను పోషించేవాళ్లు పోయారు. విద్య పోయింది. మిగిలిన కథలు పల్లెల్లో ముసలివాళ్ల నోళ్లలో ఉండిపోయాయి. దేశం సొంతంగా నిలబడ్డాక, 1935లో జానపద సంఘం ఒకటి పెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ సంఘానికి ఓ ఆలోచన వచ్చింది. బడిపిల్లల్ని పురమాయించారు. ఇంటికెళ్లి తాతయ్యను, నాయనమ్మను అడగండి, విన్నది విన్నట్టు రాసుకురండి అని. 1937 నుంచి 39 దాకా ఐదు వేల బడులు, యాభై వేలకు పైగా పిల్లలు. వంట మందులు, ఊరి పేర్లు, దయ్యాల కథలు, కరువు ముచ్చట్లు... లక్షల పుటలు పోగయ్యాయి. ఇప్పుడవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఎవరైనా చదువుకునేలా పెట్టారు. ఖర్చెంతయిందంటారా? పిల్లల నోటుపుస్తకాలు, పంతుళ్ల ఓపిక.

మనకు అలాంటి ఓపిక పట్టే వ్యవధి ఎంత ఉందన్నదే భయం. 2000 తర్వాతి ఏళ్లలో సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యలు పత్రికల్లో రోజూ కనిపించాయి. ఆ తర్వాత 2017 నుంచి బతుకమ్మ చీరల నేత కొంత ఆదుకుంది. ప్రభుత్వ ఆర్డరు వచ్చిన ఏడు మగ్గం ఆడటం, రాని ఏడు ఆగడం చూశాం. నేసేవాడికే గడవనప్పుడు కథ చెప్పేవాడికి కట్నం ఎక్కడిది? శాలోళ్ల ఇళ్లలోంచి భీవండి, సూరత్, గల్ఫ్ దారి పట్టినవాళ్లు పట్టారు. కూనపులివారి పిల్లలూ వేరే పనులు వెతుక్కున్నారు. రాత్రంతా కూర్చుని వినే ఓపిక ఊళ్లోనూ తగ్గింది. టీవీ వచ్చాక ఒకసారి, సెల్‌ఫోన్ వచ్చాక ఇంకోసారి. ఇప్పటికీ అక్కడక్కడా పటం కడుతున్నారు. కథను కురచ చేసి, నాలుగు రాత్రులది ఒక్క పూటలో ముగించేవాళ్లూ ఉన్నారు.

పటం వేసేది చేర్యాల నకాషీలు. సిద్దిపేట జిల్లా. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టి, ఆ తెల్లటి నేల మీద గీతలు గీసి రంగులద్దుతారు. కథ చెప్పేవాళ్లు పాత పటం తెచ్చి ముందు పెడితే దాని వరసలోనే కొత్తది వేస్తారు. దేవుడి కళ్లు చివర్లో దిద్దుతారు, పూజ చేసి. ఇప్పుడు వేసే కుటుంబాలు కొద్దే. వాళ్లకు ఎక్కువగా వచ్చే గిరాకీ గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలకు, మాస్కులకు, తాళంచెవుల గొలుసులకు. గజాల పటం వేయించుకునేవాళ్లు ఎప్పుడో గాని రారు.

పటం పాతబడి, మడతల దగ్గర చీలి, ఇక కట్టడానికి పనికిరాదనుకున్నప్పుడు దాన్ని మూల పడేయరు. మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో కలపడం ఆచారం. అందుకే పాతకాలపు పటాలు మ్యూజియాలకు చేరింది తక్కువ, నీళ్లలో కలిసింది ఎక్కువ. దానికంటే ముందే పక్కన కొత్త పటం సిద్ధంగా ఉండేది. అదే వరస, అదే ఎరుపు, పులి మీద అదే భావనారుషి.